మరిగే నీళ్లలో 97 చూపిస్తున్న థర్మామీటర్: వాపస్ ఇచ్చేయనా?

పీణ్యా_ప్రసాద్
పోయిన శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్‌లో డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొన్నాను. స్టీల్ ప్రోబు, మీటరు పొడుగు వైరు, పెట్టె మీద ±0.5 డిగ్రీలు అని రాసి ఉంది. మాది పీణ్యాలో చిన్న పచ్చళ్ల యూనిట్. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ అంటే నేనే, ల్యాబ్ అంటే ఒక టేబులూ ఒక సింకూ. ఇంటికి తెచ్చి గిన్నెలో నీళ్లు మరిగించి ప్రోబు ముంచాను. 96.9 దగ్గర ఆగిపోయింది. కుతకుతా పది నిమిషాలు మరిగించినా కదల్లేదు. షాపుకి తీసుకెళ్తే ఆయన పెట్టె కూడా తెరవకుండా "ఇల్లి నీరు హాగే సార్" అన్నాడు. ఇక్కడి నీళ్లే అంతట! వస్తువు అమ్మేసి తప్పు నీళ్ల మీదకి నెట్టేస్తే ఎలా? 850 రూపాయలు పోయినట్టేనా? ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది. సోమవారం నుంచి కొత్త బ్యాచ్.

సగం_సైంటిస్ట్
చౌక సరుకు బ్రో. మూడు డిగ్రీలు తేడా అంటే చెత్తబుట్టే. గట్టిగా అడిగి డబ్బులు తీసుకో.

హెబ్బాళ_హిమ
ఆగండాగండి. థర్మామీటర్ బాగానే ఉన్నట్టుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు ముందే మరిగిపోతాయి. సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున లెక్కేసుకోండి. 97 రావాలి. మీకు 96.9 వచ్చింది. ఇంకేం కావాలి?

పీణ్యా_ప్రసాద్
అంటే షాపాయన చెప్పింది నిజమా? నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయని రాసి ఏడో తరగతిలో మార్కులు కూడా తెచ్చుకున్నానండీ.

బందరు_లడ్డు
ఆ మార్కులు బందరులో తెచ్చుకుని ఉంటావు. అక్కడ చెల్లుతాయి.

మల్లేశ్వరం_మాస్టారు
ప్రసాద్, నీ అనుమానం మూడొందల ఏళ్ల నాటిది, సిగ్గుపడకు. పాదరసం థర్మామీటర్‌ని నమ్మదగ్గ వస్తువుగా చేసింది ఫారెన్‌హైట్, 1714 ప్రాంతంలో. అంతకుముందు ఒకరి గొట్టానికి ఇంకొకరి గొట్టానికి పొంతన ఉండేది కాదు. ఆయన రెండు థర్మామీటర్లు చేసి చూపిస్తే రెండూ ఒకే అంకె చూపించాయని జనం ఆశ్చర్యపోయారు. ఆలోచించు, రెండు పరికరాలు ఒకే మాట చెప్పడం ఆ రోజుల్లో ఒక వింత. 1724లో ఆయనే ఇంకో సంగతి గమనించాడు. గాలి ఒత్తిడి మారితే నీళ్లు మరిగే వేడి కూడా మారుతుంది. కాబట్టి మరిగే నీళ్లలో థర్మామీటర్ పెట్టి గాలి ఒత్తిడి చెప్పొచ్చు అన్నాడు.

తర్వాత 1742లో స్వీడన్‌లో సెల్సియస్ వచ్చాడు. ఆయన వేసిన కొలతలో మరిగే నీళ్లకి 0, గడ్డకట్టే నీళ్లకి 100. అవును, తలకిందులే. ఆయన పోయాక తిప్పేశారు. కానీ ఆయన అసలు పని వేరే. మంచు కరిగే చోటు ఎక్కడైనా ఒకటేనని, మరిగే చోటు మాత్రం ఒత్తిడితో మారుతుందని జాగ్రత్తగా కొలిచి తేల్చాడు. అందుకే 100 అన్న అంకె పక్కన ఫలానా గాలి ఒత్తిడి దగ్గర అని చేర్చాలి. మన పుస్తకాలు ఆ రెండో సగం రాయకుండా వదిలేశాయి, ఏడో తరగతి పిల్లలకి ఎందుకులే అని.

సగం_సైంటిస్ట్
సరే, మాస్టారు చెప్పారు కాబట్టి ఒప్పుకుంటా. కానీ 96.9 సరైనదని ఎలా నమ్మాలి? ఆ వస్తువు నిజంగా ఒక డిగ్రీ తక్కువ చూపిస్తూ ఉండొచ్చు కదా. ఎత్తు పేరు చెప్పి ప్రతి చెడ్డ థర్మామీటర్‌నీ వెనకేసుకొస్తామా?

క్యాలిబ్రేషన్_కుమార్
సగం సైంటిస్టువి అయినా పూర్తి ప్రశ్న అడిగావు. ప్రసాద్ గారూ, ఐస్‌తో చూడండి. ఎత్తు గొడవ దాదాపు ఉండదు. చాలామంది గ్లాసు నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసి ప్రోబు అడుక్కి దించేస్తారు. అది పనికిరాదు. నాలుగు డిగ్రీల నీళ్లు బరువు, అడుక్కి చేరతాయి, ఐసు పైన తేలుతుంది. మీరు కొలిచేది అడుగు నీళ్లని.

డిస్టిల్డ్ వాటర్‌తో ఐసు చేయండి, టవల్‌లో కట్టి అప్పడాలకర్రతో పొడి పొడిగా కొట్టండి. ఫ్లాస్కు నిండా దట్టించి, సందులు నిండేంత మాత్రమే చల్లటి నీళ్లు పోయండి. ఐసు తేలుతోందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, వంచేయండి. ప్రోబు మధ్యలో ఉండాలి, గోడకీ అడుక్కీ తగలకూడదు. పది నిమిషాలు ఆగి చదవండి. 0కి అటూ ఇటూ 0.2 లోపు వస్తే ఆ వస్తువుని దేవుడి గదిలో పెట్టుకోండి.

మరిగే నీళ్లలో చూసేటప్పుడు కూడా ప్రోబు నీళ్లలో కాదు, నీళ్లకి కొంచెం పైన ఆవిరిలో ఉండాలి. నీళ్లు గిన్నెని బట్టి, బుడగలని బట్టి కాస్త ఎక్కువ వేడెక్కుతాయి. ఆవిరి నిలకడగా ఉంటుంది. ఇది నా తెలివి కాదు, 1777లో లండన్ రాయల్ సొసైటీ కమిటీ చెప్పింది. ఆ కమిటీ పెద్ద కావెండిష్.

గాజుగొట్టం
ఫ్లాస్కు మాట వచ్చింది కాబట్టి. అది ఇడ్లీ సాంబారు కోసం పుట్టలేదు. 1892లో జేమ్స్ డ్యూవర్ ద్రవ వాయువుల్ని నిలవ ఉంచడానికి చేయించాడు, రెండు గాజు గోడల మధ్య గాలి తీసేసి. పేటెంట్ తీసుకోలేదు. తర్వాత జర్మనీ గాజు పనివాళ్లు దానికి తొడుగు వేసి థర్మాస్ అని అమ్ముకున్నారు. ఆయన కోర్టుకెళ్లి ఓడిపోయాడు.

వంటింటి_వాణి
అంటే మా కందిపప్పు బెంగళూరులో ఉడక్కపోవడం నా తప్పు కాదన్నమాట! పదేళ్లుగా అత్తగారు రాజమండ్రి నుంచి ఫోన్‌లో "రెండు విజిల్స్ చాలమ్మా" అంటున్నారు. ఈ చర్చ ప్రింటు తీసి పోస్టు చేస్తా.

హెబ్బాళ_హిమ
కుక్కర్‌లో కూడా కొంచెం తేడా ఉంటుంది వాణి గారూ. దాని వెయిటు బయటి గాలి మీద అదనంగా ఎంత ఒత్తిడి అన్నదే చూస్తుంది. బయటి గాలే తక్కువైతే లోపలి మొత్తం కూడా తక్కువే. ఒక విజిల్ ఎక్కువ వేయండి, అత్తగారికి చెప్పకండి.

మల్లేశ్వరం_మాస్టారు
కుక్కర్ కూడా ల్యాబ్ వస్తువుగానే పుట్టింది. డెనిస్ పాపిన్, 1679. ఎముకల్ని మెత్తగా ఉడికించే పాత్ర. పేలిపోతుందేమోనని సేఫ్టీ వాల్వు పెట్టాడు. రెండొందల ఏళ్ల తర్వాత, 1879లో, పాశ్చర్ దగ్గర పనిచేసిన చాంబర్‌లాండ్ దాన్నే ఆటోక్లేవ్ చేశాడు, ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే పాత్ర.

పైపెట్_రాణి
ఆటోక్లేవ్ అన్నారు, నా పుండు రేపారు.

నేను చేరిన మొదటి ఏడాది, పేరు చెప్పను, ఊరి చివర ఒక టిష్యూ కల్చర్ యూనిట్, చిన్న ముక్క నుంచి సీసాలో మొక్కని పెంచేది. అరటి మొక్కలు. మూడు నెలల పాటు మీడియా బాటిళ్లు, అంటే మొక్కలకి పోషకాలు కలిపిన సీసాలు, మూడో రోజుకల్లా మబ్బు పట్టేవి. కొన్నింట్లో అడుగున తెల్లగా పెరుగు తోడుకున్నట్టు. మా మేనేజరు రోజూ నా చేతుల వైపే చూసేవాడు. చేతులు కడిగి కడిగి చర్మం ఊడింది. చివరికి చెన్నై నుంచి వచ్చిన సర్వీసు పెద్దాయన అడిగాడు: "అమ్మా, టైము ఎప్పటి నుంచి లెక్కపెడతావు?" ఒత్తిడి చూపించే గేజీ 15 పౌండ్లు చూపించగానే అన్నాను. ఆయన నవ్వి, "అది మా ఊళ్లో లెక్క. సముద్రం పక్కన 15 పౌండ్లంటే 121 డిగ్రీలు. ఇక్కడ 119 చిల్లర" అన్నాడు. గేజీ చూపించేది బయటి గాలికంటే ఎంత ఎక్కువ అన్నది మాత్రమే. ఆ రోజు నుంచి గేజీ చూడటం మానేసి టెంపరేచర్ చూస్తున్నా. ఇక్కడ 121 రావాలంటే గేజీ ముల్లు 16 దాటాలి.

క్యాలిబ్రేషన్_కుమార్
రాణి గారూ, కథ బాగుంది కానీ నమ్మను. రెండు డిగ్రీల తేడాకే మూడు నెలలు అన్ని బాటిళ్లూ చెడవు. లోపలి గాలి పూర్తిగా పోకముందే వాల్వు మూసేసి ఉంటారు. గాలి కలిసిన ఆవిరి గేజీ మీద 15 చూపిస్తుంది, వేడి మాత్రం 110 దగ్గరే ఉండొచ్చు.

పైపెట్_రాణి
...అదీ ఉంది. మా హెల్పర్ కుర్రాడికి ఐదున్నర బస్సు. ఆవిరి సన్నగా రావడం మొదలవగానే వాల్వు తిప్పేసేవాడు. ఆ పెద్దాయన అదీ పట్టుకున్నాడు. నేను కథలో నాకు నచ్చిన సగం చెప్పాను, ఒప్పుకుంటున్నా.

బందరు_లడ్డు
ఐదున్నర బస్సు మీద ఎవరూ పరిశోధన చేయరు. అసలు కారణం ఎప్పుడూ అదే.

సగం_సైంటిస్ట్
ఊరు మారితే థర్మామీటర్ మారింది, గేజీ మారింది. ఇంకా ఏం మారతాయి? నా వయసు మారుతుందా?

క్యాలిబ్రేషన్_కుమార్
తూకం మారుతుంది. జోక్ కాదు. మా కంపెనీ పని అదే. చెన్నైలో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాని లారీలో వేసి బెంగళూరు తెచ్చి, మళ్లీ సరిచేయకుండా 100 గ్రాముల రాయి పెట్టండి. ఇరవై, పాతిక మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుంది. రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం, 13 డిగ్రీలు. తేడా అంతా ఎత్తుదే. భూమి ఇక్కడ కాస్త మెల్లగా లాగుతుంది. వంటింటి కాటాలో ఇది కనపడదు. 0.1 మిల్లీగ్రాము చూపించే ల్యాబ్ కాటాలో కొండంత. అందుకే మంచి కాటాల లోపలే ఒక రాయి దాచి ఉంటుంది, బటన్ నొక్కితే దాన్ని పెట్టుకుని తనని తాను సరిచూసుకుంటుంది. ఫిర్యాదు వచ్చిన పది చోట్ల ఎనిమిది చోట్ల ఆ బటన్ ఎవరూ నొక్కి ఉండరు. ఒక చోట దాని మీద స్టిక్కర్ అంటించారు, "ముట్టుకోవద్దు" అని.

సగం_సైంటిస్ట్
అయితే బెంగళూరులో బంగారం కొని చెన్నైలో అమ్మితే లాభమే కదా!

గాజుగొట్టం
కిలోకి పావు గ్రాము. పోనూ రానూ ఛార్జీలు తీసేసి చూసుకో. అదీ రెండు షాపుల వాళ్లూ ఒకే కాటాని సరిచేయకుండా వాడితేనే. పాత రెండు పళ్లేల త్రాసు అయితే అదీ లేదు, రాయీ బంగారమూ రెండూ ఒకేలా తేలికవుతాయి. ఈ విషయంలో మన తాతల త్రాసు ఇప్పటి కాటాకంటే తెలివైంది. నిజానికి రెండు పళ్లేల్ని తీసేసి ఒకే పళ్లెం పెట్టింది స్విట్జర్లాండ్ మెట్లర్, 1945లో. అది వచ్చాక తూకం నిమిషంలో పని అయింది.

మల్లేశ్వరం_మాస్టారు
ప్రసాద్ విసుక్కున్న ఈ మూడు డిగ్రీలనే పరికరంగా మార్చుకున్నవాళ్లు ఉన్నారు. 1817లో వొలాస్టన్ సన్నటి థర్మామీటర్ ఒకటి చేశాడు, నీళ్లు మరిగే చోటు చూసి కొండ ఎత్తు చెప్పడానికి. హైప్సోమీటర్ అనేవారు. బారోమీటర్ అంటే గజం పొడుగు పాదరసం గొట్టం, గుర్రం మీద కొండెక్కితే పగులుతుంది. ఇదయితే చిన్న పొయ్యి, గుప్పెడు నీళ్లు, జేబులో పట్టే థర్మామీటర్. హుకర్ 1848 నుంచి హిమాలయాల్లో మొక్కల కోసం తిరుగుతూ నీళ్లు మరిగించి ఎత్తులు రాసుకున్నాడు. నువ్వు చేసింది అదే నాయనా. గిన్నెడు నీళ్లతో బెంగళూరు ఎత్తు కొలిచావు. అది తప్పుడు రీడింగ్ ఎలా అవుతుంది?

పీణ్యా_ప్రసాద్
850 రూపాయలకి బెంగళూరు ఎత్తు కొన్నానన్నమాట.

అరండల్‌పేట_కుర్రాడు
పరికరాల మాట వస్తే మా ఊరు లేకుండా ఎలా? హీలియం కనిపెట్టింది గుంటూరులో. 1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ స్పెక్ట్రోస్కోపు (వెలుగుని రంగుల గీతలుగా చీల్చి చూపించేది) మోసుకుని మా ఊరు వచ్చాడు. పేటెంట్ మాదే.

బందరు_లడ్డు
అదే రోజు మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్ మా బందరులో కూర్చుని చూశాడు. కొత్త గీత ఆయనా చూశాడు. కాబట్టి సగం హీలియం బందరుది.

గాజుగొట్టం
ఇద్దరూ తగ్గండి. జాన్సెన్ గుంటూరులో హీలియం అనలేదు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగుని చీల్చి చూశాడు. అందులో గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనిపించింది. మర్నాడు పొద్దున మామూలు ఎండలోనే మళ్లీ చూశాడు, కనపడ్డాయి! గుంటూరు గొప్ప అది. అప్పటిదాకా ఆ మంటలు చూడాలంటే గ్రహణం కోసం ఓడెక్కి దేశాలు తిరగాల్సిందే. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో లాక్యర్ కూడా విడిగా అదే పద్ధతి పట్టాడు. ఆ గీతల్లోని పసుపు గీత సోడియంది కాదని, భూమ్మీద ఎరిగిన దేనిదీ కాదని వాదించిందీ ఆయనే. ఆ గీత హీలియంది. భూమ్మీద ఆ వాయువు దొరికింది 1895లో, రామ్సే చేతికి.

అరండల్‌పేట_కుర్రాడు
సరే. కానీ బోర్డు పెడితే గుంటూరులోనే పెట్టాలి.

గాజుగొట్టం
పెట్టండి, నేనేం కాదనను. నా గొడవ వేరే. నేను ఇరవై రెండేళ్లు ఒక కాలేజీ గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్‌లో పనిచేశాను. ప్రొఫెసర్లు కాగితం మీద గీత గీసి ఇస్తారు, అది నిప్పు దగ్గర వస్తువయ్యేసరికి సగం మారిపోతుంది. ఆ మార్పు ఎవరి లెక్కలోకి రాదు. ల్యాబ్‌లో గ్యాసు మంటని బున్సెన్ బర్నర్ అంటాం. 1855లో దాన్ని చేతులతో తయారుచేసింది హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ మెకానిక్ పీటర్ దెజాగా. ఆ పేరు ఎవరికైనా తెలుసా? గాలి తీసేసి కరెంటు పంపే గైస్లర్ గొట్టాలకి మాత్రం పనివాడి పేరే మిగిలింది. ఆయన బాన్‌లో గాజు ఊదేవాడు. 1857 నాటి ఆ గొట్టాల వల్లే తర్వాత కాథోడ్ కిరణాలు, ఎలక్ట్రాను అన్నీ వచ్చాయి.

ఒక్కటి చెప్తా. గాజుని గాజుకి అతికేటప్పుడు మంట పసుపు రంగు తిరుగుతుంది. అది వేడెక్కిన గాజులోని సోడియం. ఆ పసుపు అడ్డొచ్చి అతుకు కనపడదు. అందుకే మేం ఊదారంగు డిడిమియం కళ్లద్దాలు పెట్టుకుంటాం. అవి పెట్టుకోగానే మంట మాయమై, లోపల ఎర్రగా కరుగుతున్న అంచు ఒక్కటే కనపడుతుంది. మొదటిసారి చూసిన రోజు నేను పని ఆపేసి కూర్చున్నాను. బున్సెన్, కిర్కాఫ్ 1859లో చూసిన సోడియం గీత అదే. మాకది రోజూ అడ్డొచ్చే పీడ.

పైపెట్_రాణి
గాజు అన్నగారూ, ఇలాంటివి ఇంకా రాయండి.

పీణ్యా_ప్రసాద్
నా దారి తప్పింది గానీ, పనిలో పని ఇంకోటి అడుగుతా. పచ్చడికి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉండాలన్నారు, అంతకు మించితే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగొచ్చని. మీటరు కొన్నాను. మొదటి నెల బాగుంది. ఇప్పుడు అంకె స్థిరపడటానికి ఐదు నిమిషాలు పడుతోంది, నిమ్మకాయ పచ్చడిలో పెట్టినా ఊగుతోంది. ఇది కూడా ఎత్తు వల్లేనా?

పైపెట్_రాణి
ప్రోబుని వాడాక దేంట్లో పెడుతున్నారు?

పీణ్యా_ప్రసాద్
శుభ్రంగా డిస్టిల్డ్ వాటర్‌లోనే అండీ.

పైపెట్_రాణి
అదే దానికి విషం. చివరనున్న గాజు బుడగ, పక్కన సన్నటి రంధ్రం, రెండూ లోపలి ఉప్పుని నీళ్లలోకి వదిలేసుకుంటున్నాయి. మూడు మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. ఇప్పుడు కూడా ఒక రాత్రి అందులో నానబెట్టండి, సగం ఊపిరి రావచ్చు. తర్వాత 7, 4 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచూడండి. పచ్చడి నూనె బుడగకి పట్టి ఉంటే ముందు సబ్బు నీళ్లు. గుడ్డతో రుద్దకండి, టిష్యూతో అద్దండి.

మల్లేశ్వరం_మాస్టారు
నిమ్మకాయ అన్నావు చూడు! పీహెచ్ మీటరు పుట్టిందే నిమ్మకాయ నుంచి. పీహెచ్ అన్న లెక్క 1909లో బీరు కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే సోరెన్‌సెన్ పెట్టాడు. గాజు ఎలక్ట్రోడూ, అంటే నీ ప్రోబు చివర ఉన్న గాజు బుడగ లాంటిది, ఆ కాలంలోనే వచ్చింది. కానీ దాని కరెంటు ఎంత బలహీనమంటే కరెంటు కొలిచే మామూలు గాల్వనోమీటర్‌కి అందదు. కాలిఫోర్నియాలో పళ్ల రైతుల సంఘం కెమిస్టు గ్లెన్ జోసెఫ్‌కి నిమ్మరసం పులుపు కొలవాలి. రంగు కాగితం పెడితే రసంలోని సల్ఫర్ డయాక్సైడ్ రంగుని తినేసేది. మీటరు ముల్లు కదలాలంటే గాజు బుడగ పెద్దగా, పల్చగా ఉండాలి, అది ఊరికే పగిలేది. పాత స్నేహితుడు బెక్‌మన్ దగ్గరికెళ్లి మొరపెట్టుకున్నాడు. 1934లో బెక్‌మన్ రెండు వాక్యూమ్ ట్యూబులు పెట్టి ఆ చిన్న కరెంటుని పెంచాడు. బుడగ చిన్నదైనా గట్టిదైనా సరిపోయింది. కొన్నాళ్లకి జోసెఫ్ మళ్లీ వచ్చి ఇంకొకటి చేసిపెట్టమన్నాడట, మొదటిది ల్యాబ్‌లో మిగతావాళ్లు వదలడం లేదని. అప్పుడు వెలిగింది ఆయనకి, ఇది అమ్మొచ్చని.

క్యాలిబ్రేషన్_కుమార్
మన హైదరాబాద్ ఎలికో మీటర్లు మా కాలేజీ ల్యాబ్‌లో ఉండేవి. ముల్లు మీటర్లు. ఆ ముల్లు కొట్టుకోవడం చూస్తే ఏదో జరుగుతోందని తెలిసేది. డిజిటల్‌లో అంకెలు ఊరికే మారుతుంటాయి, మనిషికి భయం వేయదు.

పైపెట్_రాణి
నా పేరుకి న్యాయం చేయాలి కదా, చుక్కలో చుక్కంత ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపైపెట్ కథ నేను చెప్తా. 1957, జర్మనీ మార్బుర్గ్. ష్నిట్గర్ అనే కుర్ర డాక్టరు ల్యాబ్‌లో చేరాడు. అప్పటిదాకా అందరూ పైపెట్‌ని నోటితో పీల్చేవారు, ఆసిడ్ అయినా, రోగి రక్తమైనా. ఈయనకి చిరాకేసింది. స్ప్రింగు, పిస్టను, మధ్యలో కొంచెం గాలి, చివర తీసి పారేసే ప్లాస్టిక్ మూతి. అంతే. ఆ గాలి పొరలోనే కీలకం ఉంది. ద్రవం పిస్టన్‌ని తాకదు. ఈ రోజుకీ నా బొటనవేలు నొక్కేది అదే. బొటనవేలి నొప్పికి మాత్రం ఎవరూ ఇంకా ఏమీ కనిపెట్టలేదు.

బందరు_లడ్డు
సోడా మూతని రాయితో చదును చేసి, రెండు చిల్లులు పెట్టి, దారం దూర్చి రంయ్‌మని తిప్పేవాళ్లం. గుర్తుందా? దాంతోనే రక్తం వేరు చేసే యంత్రం చేశారని ఎక్కడో చదివాను. నిజమేనా?

హెబ్బాళ_హిమ
నిజమే. పేపర్‌ఫ్యూజ్. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్, సాద్ భామ్లా బృందం చేసింది. ఉగాండాలో ఒక క్లినిక్‌లో సెంట్రిఫ్యూజ్‌ని, అంటే రక్తాన్ని గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రాన్ని, తలుపుకి అడ్డంగా పెట్టారట, కరెంటు లేక. అది చూశాక మొదలైంది. గుండ్రటి అట్ట బిళ్లలు, దారం, చేతిపిడి. నిమిషానికి లక్షా పాతికవేల చుట్ల దాకా తిరిగింది. సుమారు 20 సెంట్ల ఖర్చు. నిమిషంన్నరలో రక్తం నుంచి ప్లాస్మా వేరవుతుంది.

సగం_సైంటిస్ట్
చూశారా, మన ఆట వాళ్ల పరిశోధన అయింది. మనం తిప్పినన్నాళ్లు తిప్పి పారేశాం.

గాజుగొట్టం
మనమొక్కళ్లమే తిప్పలేదు, ప్రపంచమంతా వేల ఏళ్లుగా తిప్పింది. ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచిన పిల్లాడు మాత్రం మన బడిలో లేడు. అట్ట ఎంత వెడల్పుంటే, దారం ఎంత పొడుగుంటే ఎంత వేగం వస్తుందో లెక్క కట్టారు వాళ్లు. ఆ లెక్కే వాళ్లది.

ఆర్డునో_ఆనంద్
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. ప్రసాదన్నా, నీ సమస్యకి నేనో పెట్టె చేశా. గాలి ఒత్తిడి కొలిచే చిన్న చిప్ ఒకటి, అదే ఎస్పీ రోడ్‌లో నూట యాభైకి దొరికింది. పక్కన థర్మామీటర్ ప్రోబు. ఈ క్షణం ఈ గదిలో నీళ్లు ఎన్ని డిగ్రీలకి మరగాలో తెర మీద చూపిస్తుంది, నీ ప్రోబు ఎంత చూపిస్తోందో పక్కన రాస్తుంది. తేడా ఒక డిగ్రీ దాటితే ఎర్ర లైటు. ఇందాక మా గదిలో 97.0 అంది. దీనికి పేటెంట్ వస్తుందా?

గిండీ_ఏజెంట్
ఇక్కడ రాయకముందు అడిగి ఉంటే మాట్లాడేవాళ్లం. ఇప్పుడు నువ్వు బయటపెట్టేశావు తమ్ముడూ. మన చట్టంలో దరఖాస్తుకి ముందు నువ్వే బహిరంగంగా చెప్పినా కొత్తదనం పోయినట్టే. ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనల్లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఇంకా, తెలిసిన రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి, దేని పని అది చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదని 3వ సెక్షన్‌లోనే ఉంది. నీ చిప్పు చెప్పిన మాట విని ప్రోబు తన రీడింగ్‌ని తనే దిద్దుకునేలా చేస్తే వాదించడానికి కాస్త చోటుండేది.

ఆర్డునో_ఆనంద్
అన్నా, ఆ మాట ఇప్పుడు మీరు బయటపెట్టేశారు కదా!

గిండీ_ఏజెంట్
హహ్హ. అవును. నాకూ పోయింది.

తర్వాతిసారికి గుర్తుంచుకో. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ అన్నిటికీ చెన్నై ఆఫీసే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసి తేదీ పట్టుకో, పూర్తి వివరం ఇవ్వడానికి 12 నెలలు ఉంటుంది. ఆన్‌లైన్‌లో వ్యక్తికి దరఖాస్తు రుసుము 1600. పరీక్ష చేయమని అడగడానికి వేరే కట్టాలి. వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, మధ్యలో రెన్యువల్ కడుతూ ఉంటేనే.

గాజుగొట్టం
ఆనంద్, డ్యూవర్‌కి పట్టిన గతే నీకూ. మంచి సావాసమే దొరికింది.

వంటింటి_వాణి
పేటెంట్ లేకపోతే పీడా పోయింది, నాకొకటి చేసి ఇవ్వు బాబూ. ఎర్ర లైటు బదులు "అత్తగారి మాట వినకు" అని రాయి.

పీణ్యా_ప్రసాద్
రిపోర్టు. కుమార్ గారు చెప్పినట్టే ఐసు దంచి ఫ్లాస్కులో దట్టించాను. ఇంట్లో అప్పడాలకర్రకి సొట్ట పడింది, దాని గొడవ వేరే నడుస్తోంది. రీడింగ్ 0.1. పీహెచ్ ప్రోబు రాత్రంతా నానబెట్టాక అర నిమిషంలో స్థిరపడుతోంది, నిమ్మకాయ పచ్చడి 2.9.

శనివారం షాపాయన దగ్గరికెళ్లి సారీ చెప్పాను. ఆయన టీ తెప్పించాడు. మీకెలా తెలుసు సార్ అంటే, ముప్పై ఏళ్లుగా ప్రతి కొత్త కస్టమరూ ఇదే ఫిర్యాదుతో వస్తాడట, మంగళూరు నుంచి, చెన్నై నుంచి, మన వైపు నుంచి. ఎందుకన్నది ఆయనకీ తెలీదు. "ఇల్లి నీరు హాగే" అంతే.

అన్నట్టు పండక్కి బందరు వెళ్తున్నా, థర్మామీటర్ కూడా తీసుకెళ్తున్నా.

పీణ్యా_ప్రసాద్
బందరు రీడింగ్. మా అమ్మ గిన్నె, మా అమ్మ పొయ్యి, ప్రోబు ఆవిరిలోనే పెట్టాను. 99.7. సముద్రం ఇంత దగ్గరుంటే 100 రావాలి కదా? ఆ 0.3 ఎక్కడికి పోయింది?

హెబ్బాళ_హిమ
అక్కడ వాన పడుతోందా?

పీణ్యా_ప్రసాద్
రెండు రోజులుగా ఎడతెరిపి లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు.

హెబ్బాళ_హిమ
ఇంకేం, అదే. గాలి ఒత్తిడి తగ్గింది.

క్యాలిబ్రేషన్_కుమార్
పెట్టె మీద ±0.5 అని రాసిన వస్తువుతో 0.3కి వాయుగుండం కథ అల్లకండి. ఐసులో 0.1 ఎక్కువ చూపించింది కూడా ఇదే.

బందరు_లడ్డు
కుమార్ గారూ, మా ఊరి వాయుగుండాన్ని తక్కువ చేయకండి. ప్రసాద్, రేపు ఎండ కాస్తే ఇంకోసారి మరిగించు.

పీణ్యా_ప్రసాద్
మరిగిస్తా. అమ్మ ఇప్పటికే గ్యాసు బండ వంక చూస్తోంది.